ఎముకను తొలిచేదెవరు? తొలవమనేదెవరు?

మా అమ్మ కుడిచేతి ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి చూస్తూ డాక్టరుగారు ఒక మాటన్నారు: "ఇదుగో, ఈ వేళ్ళ దగ్గర ఎముక తినేసిందమ్మా."

అమ్మ వెంటనే, "ఏం తినేసిందండీ? పురుగా?" అని అడిగింది.

బయట బెంచీల మీద ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. ఆయన నవ్వి, "పురుగు కాదులేమ్మా, జబ్బు. కీళ్ళవాతం" అని మందులు రాసిచ్చారు.

బస్సులో ఊరికి వస్తున్నంతసేపూ అమ్మ ఆ ఫిల్ము కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చివరికి, "జబ్బుకు నోరుంటుందా తినటానికి? నువ్వు చదివేది ఆ చదువేగా, చెప్పరా" అంది. నేను చదివేది బి.ఎస్సీ.లో జువాలజీ. కప్ప అస్థిపంజరం బొమ్మ వేసి పేర్లు రాయమంటే తప్పు లేకుండా రాస్తాను. అమ్మ అడిగినదానికి మాత్రం జవాబు రాలేదు.

తరవాత ఏడాదిపాటు మా కాలేజీ లైబ్రరీలో దొరికింది దొరికినట్టు చదివి, అర్థం కానిచోట మా లెక్చరర్లను విసిగించి తెలుసుకున్న జవాబే ఈ వ్యాసం. ఎముకను తినేది పురుగు కాదు, బయటినుంచి వచ్చిన సూక్ష్మజీవీ కాదు. మన ఒంట్లోదే ఒక కణం. అయితే ఆ కణం తనంతట తాను పనిలోకి దిగదు. దానికి చీటీ రావాలి. ఆ చీటీ రాసేదెవరన్నదే అసలు ప్రశ్న.

ఎముక రాయి కాదు

ఎముక అనగానే మనకు ల్యాబులో వేలాడే అస్థిపంజరం గుర్తొస్తుంది. అది ఎండిన కట్టె. బతికున్న మనిషి ఎముక పచ్చి చెట్టు లాంటిది. కొల్లాజెన్ అనే ప్రొటీను పోగుల మీద కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన ఖనిజం పేరుకుని ఉంటుంది. వాటి మధ్య రక్తనాళాలుంటాయి, నరాలుంటాయి, లెక్కలేనన్ని కణాలుంటాయి. పెద్దవాళ్ళ అస్థిపంజరంలో ఏటా సుమారు 10 శాతం పాతది పోయి కొత్తది వస్తుంది.

పొలం గట్టును తలుచుకుంటే ఈ సంగతి సులువుగా తెలుస్తుంది. ఏడాది తిరిగేసరికి గట్టు నిండా ఎలుక బొక్కలు, ఎండ్రకాయల బొరియలు, వానకు కోసుకుపోయిన గాళ్ళు. నాట్లకు ముందు పారతో పాత అంచు చెక్కి, తరవాత కొత్త మట్టి వేసి మెత్తుతాం. పాతది చెక్కనిదే కొత్తమట్టి అతకదు. ఎముకలో జరిగేదీ ఇదే. పాత ఎముకను చెక్కే కణాన్ని ఆస్టియోక్లాస్టు అంటారు. కొత్త ఎముక వేసే కణం ఆస్టియోబ్లాస్టు. ఎముక కట్టి కట్టి, చివరికి తాను కట్టిన గోడలోనే చిక్కుకుని అక్కడే ఉండిపోయిన ఆస్టియోబ్లాస్టును ఆస్టియోసైటు అంటారు. పెద్దవాళ్ళ ఎముక కణాల్లో నూటికి 90కి పైగా ఈ చిక్కుకున్నవే. ఇవి సన్నని గొట్టాల గుండా కొమ్మల్లాంటి చేతులు చాచి ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి.

ఇందులో ఒక చిక్కుంది. ఒకచోట ఎముకను చెక్కటానికి రెండు మూడు వారాలు చాలు. ఆ గుంట పూడ్చటానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. గట్టు పని తెలిసినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు, కొట్టేయటం ఎప్పుడూ తేలికే. కనుక చెక్కే కూలీలు కాస్త ఎక్కువైనా చాలు, వేసేవాళ్ళు వెనకబడిపోతారు. గుంట గుంటగానే మిగిలిపోతుంది. అమ్మ ఎక్స్‌రేలో ఎలుక కొరికినట్టు కనిపించినవి ఆ గుంటలే.

తినే కణం ఎక్కడిది?

ఆస్టియోక్లాస్టును గుర్తించి ఆ పేరు పెట్టింది స్విట్జర్లాండులో పుట్టిన కోలికర్ అనే శాస్త్రజ్ఞుడు, 1873లో. మామూలు కణానికి ఒక కేంద్రకం ఉంటుంది. దీనికి పదీ ఇరవై ఉండవచ్చు, ఎందుకంటే ఇది చిన్నచిన్న కణాలు కొన్ని కలిసిపోయి ఒకటైన కణం. ఎముక మీద బోర్లించిన మూకుడులా అతుక్కుని, అంచులు బిగించి, ఆ మూకుడు కింద హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతుంది. ఆమ్లానికి ఖనిజం కరుగుతుంది. ఆ తరవాత కాథెప్సిన్-కె అనే ఎంజైము కొల్లాజెన్ పోగులను తుంచుతుంది. కాబట్టి అమ్మ ప్రశ్నలో సగానికి జవాబు ఇక్కడే ఉంది: తినేదానికి నోరుంది, అందులో ఆమ్లముంది.

ఎముకలో ఉంటుంది కాబట్టి ఇది ఎముకలోనే పుట్టి ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. నిజం వేరు. కొన్ని ఎలుకలకు పుట్టుకతోనే ఆస్టియోక్లాస్టులు పనిచెయ్యవు. చెక్కేవాడు లేక వాటి ఎముకలు మజ్జకు కూడా చోటు లేకుండా గట్టిపడిపోతాయి. 1975లో వాకర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆరోగ్యంగా ఉన్న ఎలుకల మజ్జ కణాలను ఈ రోగపు ఎలుకల్లోకి ఎక్కిస్తే జబ్బు నయమైంది. 1980లో ఇదే జబ్బున్న ఒక పసిపాపకు ఆమె సోదరుడి మజ్జను ఎక్కించిన వైద్యం గురించి ప్రకటించారు. పాప కోలుకుంది. తరవాత ఎముక ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఆస్టియోక్లాస్టుల్లో మగవాళ్ళకుండే వై క్రోమోసోము జాడ కనబడింది. ఆస్టియోబ్లాస్టుల్లో కనబడలేదు. అంటే చెక్కే కణాలు సోదరుడి మజ్జనుంచి వచ్చినవి, కట్టే కణాలు పాప సొంతం. ఒకే ఎముక మీద పనిచేసే ఈ రెండు ముఠాలూ వేరువేరు ఊళ్ళవి.

ఆస్టియోక్లాస్టు రక్తకణాల కుటుంబానిది. మన ఒంట్లో సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజి కణానికి అది దగ్గరి చుట్టం. ఈ చుట్టరికం గుర్తుంచుకోవాలి. ఒంట్లో ఎక్కడైనా వాపు వచ్చినప్పుడు రక్తకణాలు చేసే గోల ఎముకకు ఎందుకు వినబడుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

చీటీలు దొరికాయి

ముల్లు గుచ్చుకుంటే అక్కడ ఎర్రబడుతుంది, వాస్తుంది, వేడెక్కుతుంది, నొప్పి పుడుతుంది. ఈ నాలుగు లక్షణాలనూ దాదాపు రెండువేల ఏళ్ళ కిందటే రోమన్ రచయిత సెల్సస్ రాసిపెట్టాడు. కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవటంవల్లే ఇవన్నీ జరుగుతాయి. ఆ కబురు మోసే చిన్న ప్రొటీన్లను సైటోకైన్లు అంటారు. ఒక కణం వాటిని వదులుతుంది, ఇంకొక కణం తన పైపొర మీద ఉన్న గ్రాహకంతో అందుకుంటుంది. ఈ వ్యాసంలో నేను చీటీలంటున్నది వీటినే.

ఎముకను తినమనే చీటీ ఉందని తెలిసింది పళ్ళ జబ్బు పరిశోధనలో. చిగుళ్ళు చాలాకాలం వాచి ఉంటే పంటి కింది ఎముక కరిగి పళ్ళు కదులుతాయని అందరికీ తెలుసు. 1972లో అమెరికాలో హార్టన్, రైస్, మరికొందరు మనిషి రక్తంలోని తెల్లకణాలను గాజుపాత్రలో పెంచి, పంటి గారలోని పదార్థంతో వాటిని రెచ్చగొట్టారు. తరవాత కణాలను తీసేసి, అవి ఉన్న నీళ్ళను మాత్రం వేరే పాత్రలోని పిండపు ఎముకల మీద పోశారు. ఎముకలు కరిగాయి. కణాలు లేవు, సూక్ష్మజీవులు లేవు, ఉన్నవి ఆ నీళ్ళే. కనుక తెల్లకణాలు ఆ నీళ్ళలో ఏదో వదిలి ఉండాలి. దానికి 'ఆస్టియోక్లాస్టులను రెచ్చగొట్టే కారకం' అని పేరు పెట్టారు.

ఆ కారకం ఏమిటో తేలటానికి పదమూడేళ్ళు పట్టింది. 1985లో దాన్ని శుద్ధిచేసి చూస్తే అది అప్పటికే జ్వరం తెప్పించే ప్రొటీనుగా పేరున్న ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అని తేలింది. మరుసటి ఏడు, 1986లో, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టరు అనే ఇంకొక ప్రొటీను కూడా ఎముకను కరిగించగలదనీ, పైగా కొత్త ఎముక కట్టటాన్ని ఆపుతుందనీ తెలిసింది. పేరు పొడుగు కాబట్టి ఇకమీద టి.ఎన్.ఎఫ్. అంటాను. ఈ వరసలో మూడోది ఇంటర్‌ల్యూకిన్-6.

కూలీకి కబురు మేస్త్రి ద్వారానే

ఇక్కడ కథ ఒక మలుపు తిరిగింది. చీటీ నేరుగా ఆస్టియోక్లాస్టుకే అందుతుందని ఎవరైనా అనుకుంటారు. 1986లో లండన్‌లో ఛాంబర్స్ బృందం ఆస్టియోక్లాస్టులను విడిగా ఎముక పలకల మీద ఉంచి ఇంటర్‌ల్యూకిన్-1 పోసి చూసింది. అవి ఉలకలేదు, పలకలేదు. అదే పాత్రలో ఆస్టియోబ్లాస్టులను కూడా వేసి మళ్ళీ పోస్తే అప్పుడు చెక్కటం మొదలైంది.

అంటే ఇంటర్‌ల్యూకిన్ చీటీని చదివింది కట్టే కణం. అది చదివి చెక్కే కణానికి చెప్పింది. మా వైపు నాట్లకు, కోతలకు ముఠాలొస్తాయి. రైతు కబురు ముఠా మేస్త్రికి వెళ్ళాలి, మేస్త్రి చెబితేనే కూలీలు మడిలో దిగుతారు. రైతు నేరుగా కూలీని పిలిస్తే కదలరు. ఎముకలో మేస్త్రి ఆస్టియోబ్లాస్టు. ఇలాగే జరుగుతుండవచ్చని 1981లోనే రోడాన్, మార్టిన్ అనే ఇద్దరు ఊహించి రాశారు.

సరే, మేస్త్రి కూలీతో ఏమంటాడు? 1988లో జపాన్‌లో తకహషి, సుద మొదలైనవారు ఇంకొక సంగతి కనిపెట్టారు. ఆస్టియోబ్లాస్టులకూ, ఆస్టియోక్లాస్టులు కాబోయే రక్తకణాలకూ మధ్య పల్చని పొర అడ్డుపెడితే ఆస్టియోక్లాస్టులు తయారు కావు. రెండూ ఒకదాన్నొకటి తాకాలి. ఈ చీటీ గాలికి ఎగిరొచ్చేది కాదు, చేతికి చేయి అందించేది.

ఆ ఆఖరి చీటీ 1998లో దొరికింది. అమెరికాలో ఒక బృందం, జపాన్‌లో ఒక బృందం ఒకే ఏడాది ప్రకటించాయి. జపాన్ బృందం పనిచేసింది స్నో బ్రాండ్ అనే పాల ఉత్పత్తుల కంపెనీ పరిశోధనాలయంలో అని చదివి, పాడి ఉన్న ఇంట్లో పుట్టినవాణ్ణి గనుక కాస్త సంతోషపడ్డాను. ఆ ప్రొటీను పేరు ర్యాంక్ లైగాండు. ఆస్టియోక్లాస్టు కాబోయే కణం మీద ర్యాంక్ అనే గ్రాహకం ఉంటుంది, దానికి అతికేది కాబట్టి ఆ పేరు. 1999లో ఎలుకల్లో ఈ ఒక్క ప్రొటీను జన్యువును తీసేస్తే వాటికి ఆస్టియోక్లాస్టులే పుట్టలేదు.

దీనికి విరుగుడు కూడా ఒంట్లోనే ఉంది. అది ఒక ఏడాది ముందే, 1997లో దొరికింది. ఆస్టియోప్రొటెజెరిన్ అంటారు, ఎముకను కాపాడేది అని అర్థం. ఇది కూలీ చేతికి అందకముందే దారిలో చీటీని లాక్కుంటుంది. ఒకచోట ఎముక నిలవటమూ కరగటమూ ఈ రెండింటి పాళ్ళ మీద ఆధారపడి ఉంటుంది. ఇంటర్‌ల్యూకిన్-1, టి.ఎన్.ఎఫ్. వంటివి చేసే పెద్ద పని ర్యాంక్ లైగాండును పెంచటం. టి.ఎన్.ఎఫ్.కు ఇంకో చెడ్డ గుణముంది. ర్యాంక్ లైగాండు కొంచెమున్నా చాలు, అది తానే కూలీ దగ్గరకు వెళ్ళి పని తొందరపెడుతుంది.

ఇంతకూ రాసేదెవరు?

జబ్బు కీలు చుట్టూ అనుమానించదగ్గ కణాలు చాలా ఉన్నాయి. కీలు లోపలివైపు పల్చని పొర ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది ఒకటి రెండు కణాల మందం. కీళ్ళవాతంలో అది పాచిలా దళసరిగా పెరిగి ఎముక అంచు మీదకి పాకుతుంది. అందులో మాక్రోఫేజులున్నాయి. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-1 ఎక్కువగా రాసేవి ఇవే. టి-లింఫోసైట్లున్నాయి. ఇవి ఇంటర్‌ల్యూకిన్-17 రాస్తాయి, అది చదివి మిగతా కణాలు రెచ్చిపోతాయి. పొరకు నేతలాగా ఉండే ఫైబ్రోబ్లాస్టులున్నాయి. ఇంటర్‌ల్యూకిన్-6 వీటినుంచి బాగా వస్తుంది. ఎముక వైపు కణాలు కూడా ఊరుకోవు. ఆస్టియోబ్లాస్టు తానే ఇంటర్‌ల్యూకిన్-6 తయారుచేస్తుందని 1990లో చూపించారు. అంటే ఎముక ఒట్టి బాధితురాలు కాదు, దాని ఇంట్లోనూ కలం ఉంది.

ఇంతమంది రాస్తుంటే, ఆఖరి చీటీ అయిన ర్యాంక్ లైగాండు ఎవరి చేతిరాత? 1999లో అందరి చూపూ టి-లింఫోసైట్ల మీద పడింది. రెచ్చిన టి-లింఫోసైట్లు ర్యాంక్ లైగాండు తయారుచేస్తాయని ఆ ఏడాది కెనడాలో చూపించారు. వ్యాధి నిరోధక కణాలకూ ఎముకకూ ఉన్న ఈ సంబంధాన్ని చదివే శాస్త్రానికి 2000లో 'ఆస్టియోఇమ్యునాలజీ' అని పేరు కూడా పెట్టారు.

అయితే ఒక కణం దగ్గర కలం ఉందని తెలిసినంత మాత్రాన ఉత్తరం అదే రాసిందని చెప్పలేం గదా. తేల్చటానికి ఒక పద్ధతి వచ్చింది. ఎలుకలో ఒక జన్యువును ఒళ్ళంతా కాకుండా ఒక్క రకం కణంలోనే తీసేయవచ్చు. ఒక్కొక్క ఇంట్లో కలం లాగేసుకుని, చీటీలు ఆగుతాయో లేదో చూడటం లాంటిది. ఇలా చేస్తే రెండు ఆశ్చర్యాలు బయటపడ్డాయి.

మొదటిది 2011లో. జపాన్‌లో ఒక బృందం, అమెరికాలో ఒక బృందం ఆస్టియోసైట్లలో మాత్రమే ర్యాంక్ లైగాండును తీసేశాయి. ఎలుకలు పెరిగి పెద్దవయ్యేకొద్దీ ఎముక చెక్కటం తగ్గి, ఎముక బాగా పెరిగిపోయింది. గోడలో చిక్కుకుని నిద్రపోతున్నదనుకున్న కణమే మామూలు రోజుల్లో పెద్ద మేస్త్రి. బీట ఎక్కడుందో గోడ లోపలున్నవాడికే ముందు తెలుస్తుంది మరి.

రెండోది 2016లో. జపాన్‌లో తకయనాగి బృందం కీళ్ళవాతం తెప్పించిన ఎలుకల్లో ఇదే పరీక్ష చేసింది. టి-లింఫోసైట్లలో ర్యాంక్ లైగాండు తీసేస్తే ఎముక కోత పెద్దగా తగ్గలేదు. కీలు పొరలోని ఫైబ్రోబ్లాస్టుల్లో తీసేస్తే బాగా తగ్గింది. కాబట్టి జబ్బు కీలులో పరిస్థితి ఇది: టి-లింఫోసైట్లు, మాక్రోఫేజులు ఉసిగొలుపుతాయి, ఆఖరి చీటీ మీద సంతకం చేసేది ఎక్కువగా ఫైబ్రోబ్లాస్టు. మామూలు మరమ్మతులో మేస్త్రి ఒకడు, జబ్బులో మేస్త్రి ఇంకొకడు. కూలీ మాత్రం ఒక్కడే. అతనికి ఎవరి చీటీ అయినా ఒకటే, అందగానే పార ఎత్తుతాడు.

వాపు వేరు, కోత వేరు

ఈ చదువులో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన సంగతి ఇప్పుడు చెబుతాను.

2001లో ప్రకటించిన ఒక ప్రయోగంలో ర్యాంక్ లైగాండు లేని ఎలుకలకు కీళ్ళవాతం తెప్పించారు. వాటి కీళ్ళు మామూలు ఎలుకల కీళ్ళలాగే వాచాయి. ఎముక మాత్రం దాదాపు తినబడలేదు. 2008లో ప్రకటించిన ఒక మానవ పరీక్షలో ర్యాంక్ లైగాండును పట్టుకునే మందు ఇచ్చిన రోగుల్లో ఎముక కోత తగ్గింది, వాపు మాత్రం తగ్గలేదు. వాపూ కోతా ఒకే మంటనుంచి పుట్టినా, దారులు రెండు.

ఇది తిరగేసి చూస్తే భయం వేస్తుంది. నొప్పి తగ్గినంత మాత్రాన ఎముక కోత ఆగినట్టు కాదు. మామూలు నొప్పి బిళ్ళలు చేసే పని ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని ఆపటం. ఆస్పిరిన్ ఇలా పనిచేస్తుందని 1971లో జాన్ వేన్ కనిపెట్టాడు, 1982లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ బిళ్ళతో నొప్పి తగ్గుతుంది, వాపు కొంత తీస్తుంది. టి.ఎన్.ఎఫ్. చీటీలు, ఇంటర్‌ల్యూకిన్ చీటీలు మాత్రం నడుస్తూనే ఉంటాయి. కూలీ పార ఆగదు.

మా అమ్మకు మొదట వేళ్ళు వాచినప్పుడు నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను. పొద్దున్నే గేదె దగ్గర కూర్చుంటే పాలు పితకటానికి వేళ్ళు ముడుచుకునేవి కావు. "ఎండెక్కితే సర్దుకుంటాయిలే" అనేది. ఊళ్ళో వైద్యం చేసే ఆయన వాతమని బిళ్ళలిచ్చాడు. బిళ్ళ వేసుకున్న రోజు మిరపకోతకు కూడా వెళ్ళేది. బిళ్ళలు అయిపోతే కాలేజీనుంచి వచ్చేటప్పుడు పట్టుకొచ్చింది నేనే. రెండేళ్ళు తెచ్చాను. నొప్పి తగ్గింది కాబట్టి జబ్బు తగ్గిందనుకున్నాం. ఎక్స్‌రేలో కనబడిన గుంటలు ఆ రెండేళ్ళవి. తప్పు ఎవరిదీ అని నేను అడగను. ఊళ్ళో ఉన్నాయనకు తెలిసింది అంతే, మాకు తెలిసింది అంతకన్నా తక్కువ.

చీటీలన్నీ చెడ్డవేనా?

కాదు. ఇది కూడా చెప్పకపోతే వ్యాసం సగంలో ఆగినట్టే. ఎముక విరిగినప్పుడు మొదటి కొద్ది రోజుల్లో అక్కడ ఇవే టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 ఒక్కసారి పెరుగుతాయి. అవి మరమ్మతు కణాలను పిలిచే చీటీలు. టి.ఎన్.ఎఫ్. కబురు అందుకోలేని ఎలుకల్లో విరిగిన ఎముక అతకటం ఆలస్యమైందని 2003లో చూపించారు. క్షయ సూక్ష్మజీవులను ఊపిరితిత్తుల్లో కోట కట్టి బంధించి ఉంచటానికి కూడా టి.ఎన్.ఎఫ్. కావాలి. చీటీ రావటం జబ్బు కాదు. పని అయిపోయాక కూడా రాస్తూ పోవటం జబ్బు.

మందు కథ, మనవాడి కథ

ఎవరు రాస్తున్నారో తెలిస్తే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. లండన్‌లో ఫెల్డ్‌మాన్, మైని అనే ఇద్దరి బృందం కీళ్ళవాతపు పొర కణాలను గాజుపాత్రలో పెంచి, టి.ఎన్.ఎఫ్.ను ప్రతిదేహంతో పట్టేసింది. ఇంటర్‌ల్యూకిన్-1 కూడా తగ్గిపోయింది. ఇది 1989 మాట. అన్ని చీటీలనూ ఆపనక్కరలేదు, వరసలో ముందున్నదాన్ని ఆపితే వెనకవి సన్నగిల్లుతాయని తేలింది. దీన్నిబట్టి టి.ఎన్.ఎఫ్.ను పట్టే ఇంజక్షన్లు వచ్చాయి. 1998లో అమెరికాలో మొదటిది కీళ్ళవాతానికి ఆమోదం పొందింది. ఇవి ఇచ్చేముందు క్షయ ఉందేమో పరీక్ష చేస్తారు. కారణం పై పేరాలోనే ఉంది. ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకాన్ని మూసే మందు తరవాత వచ్చింది. ఖరీదు మాత్రం మా ఇంటికి అందేది కాదు.

అందే మందు ఒకటుంది. దాని పేరు మెథోట్రెక్సేట్. చీటీలు రాసే కణాల దూకుడును తగ్గిస్తుంది. కీళ్ళవాతానికి ఈనాటికీ ముందుగా వాడేది ఇదే. 1988లో అమెరికాలో ఈ జబ్బుకు ఆమోదం పొందిన ఈ మందు పుట్టుక వెతికితే మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు కనిపిస్తారు. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన నడిపించి, 1948లో అక్కడే కన్నుమూసిన మనిషి. ఆయన బృందం మొదట ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తరవాత ఆ ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే పదార్థాలను తయారుచేసింది. మెథోట్రెక్సేట్ వాటిలో ఒకటి. అవి మొదట రక్త క్యాన్సరుకు వాడిన మందులు.

మా అమ్మకు డాక్టరుగారు వారానికి ఒక్కరోజే మెథోట్రెక్సేట్ రాశారు. దాని దుష్ఫలితాలు తగ్గటానికి వేరే రోజున ఫోలిక్ ఆమ్లం రాశారు. విషమూ విరుగుడూ లాంటి ఆ రెండు బిళ్ళలూ ఒకే తెలుగువాడి ప్రయోగశాలనుంచి వచ్చాయని చెబితే అమ్మ, "ఆయనకు పెళ్ళాం బిడ్డలు ఉన్నారా? చల్లగా ఉండాలి" అంది. ఇక్కడ ఒక హెచ్చరిక. మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతానికి వారానికి ఒకసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది. మా ఇంట్లో కాలెండరులో ఆదివారాల చుట్టూ పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉంటాయి.

అమ్మకు చెప్పిన జవాబు

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఇదంతా అమ్మకు చెప్పాను. గట్టు బొమ్మ గీశాను, కూలీని గీశాను, మేస్త్రిని గీశాను. అంతా విని, "అయితే ఇప్పుడు చీటీలు ఆగినయ్యా?" అంది. చాలావరకు ఆగాయన్నాను. వాపు తీసింది, పొద్దున బిగుసుకోవటం తగ్గింది. "మరి తిన్నది?" అంది.

దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. పూర్తిగా తినబడిన కీలు అంచు మళ్ళీ పాతరూపానికి రావటం అరుదు. వంకరపోయిన రెండు వేళ్ళు అలాగే ఉన్నాయి. గేదె పాలు ఇప్పుడు నాన్న పితుకుతున్నాడు, సెలవుల్లో నేను పితుకుతాను.

అందుకే చదివే మిత్రులకు ఒక్క మాట. మీ ఇళ్ళల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళకు, రెండు చేతుల చిన్న కీళ్ళూ కొన్ని వారాలపాటు వాచి ఉన్నా, పొద్దున లేవగానే అరగంట, గంటసేపు వేళ్ళు ముడుచుకు రాకపోయినా, "వాతంలే" అని బిళ్ళ తెచ్చి ఊరుకోకండి. కీళ్ళ జబ్బులు చూసే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. ఈ జబ్బు ఆడవాళ్ళకే ఎక్కువ వస్తుంది, తమ నొప్పిని పనిలో కలిపేసుకునేదీ వాళ్ళే. పూడ్చటం నెలల పని, చెక్కటం వారాల పని అని పైన రాశాను. చీటీని ఎంత ముందుగా ఆపితే గట్టు అంత మిగులుతుంది.

అమ్మ బస్సులో అడిగిన ప్రశ్నకు జవాబు రాయటానికి ఏడాది పట్టింది. అదే జవాబు మూడేళ్ళ ముందు మా ఇంట్లో ఎవరికైనా తెలిసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. ఈ సంచిక చేరిన ఏదో ఒక ఇంట్లో ఇది వేళకు చదివితే నాకు అదే చాలు.